సబ్‌వూఫరా, కొత్త స్పీకర్లా? మా ఇంటి సంగతి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు, మీరు మాత్రం ఇంట్లో పాటలు వినే పెట్టెల గురించి చెప్పండి అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. దానికి కారణం ఉంది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఒకరిద్దరు మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు. "మా అబ్బాయి సబ్‌వూఫర్ కొందామంటున్నాడు, మా అల్లుడేమో ఉన్న స్పీకర్లు పారేసి కొత్తవి తెమ్మంటున్నాడు, ఏది మంచిది?" అని. నేను టెలిఫోన్ శాఖలో పనిచేశాను కాబట్టి శబ్దం గురించి నాకు తెలిసి ఉంటుందని వారి నమ్మకం. ఆ నమ్మకం నాకూ ఉండేది. అది ఎలా పోయిందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

నేను 1973లో శాఖలో చేరాను. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం, మళ్లీ కొత్తగూడెం, ఇలా తిరిగాను. 2000 అక్టోబరులో శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. అయింది, 2009లో విశ్రాంతి తీసుకున్నాను. ఆ తొలి రోజుల్లో పాల్వంచ దాటితే లైను అడవిలోంచి పోయేది. వానాకాలం వచ్చిందంటే ఏదో ఒక కొమ్మ తీగలమీద పడేది. స్తంభం ఎక్కి, చేతిలో ఉన్న టెస్టింగు ఫోను తీగకు తగిలించి, చెవి పెట్టి వినడమే పని. ఎక్కడ గరగర, ఎక్కడ గుయ్యిమనే రొద, ఎక్కడ బొత్తిగా మౌనం అన్నదాన్ని బట్టి లోపం ఎంత దూరంలో ఉందో అంచనా కట్టేవాళ్లం. చెవి మీదే బతికిన ఉద్యోగం నాది.

టెలిఫోన్ గురించి ఒక్క ముక్క ఇక్కడ చెప్పాలి, ముందుముందు అది పనికొస్తుంది. శబ్దం అంటే గాలి కదలిక. సెకనుకు ఎన్నిసార్లు కదులుతుందో ఆ లెక్కను హెర్ట్జ్ అంటాం, పిల్లల పుస్తకాల్లో పౌనఃపున్యం అని రాస్తారు. ఆరోగ్యంగా ఉన్న పడుచు చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. టెలిఫోన్ లైను మాత్రం 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోసేది. మగవాడి కంఠం మూలస్వరం ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే అది ఆ లైనులో అసలు ప్రయాణమే చేయదు. అయినా అవతల మాట్లాడేది మగవాడే అని, ఫలానా బావగారే అని మనకు తెలిసిపోతుంది. పై స్వరాలను బట్టి లేని మూలస్వరాన్ని మన మెదడే కట్టుకుంటుంది. పైన 3400 దగ్గర కోసేయడం వల్ల మాత్రం ఇబ్బంది వచ్చేది. "స" అన్నారో "ఫ" అన్నారో తేలేది కాదు. అందుకే ట్రంకు కాల్ రోజుల్లో "ఎస్ ఫర్ షుగర్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని అరిచేవాళ్లం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరద పెరుగుతున్న రోజుల్లో ఫోనులో అంకె చెబితే అవతలివాళ్లు తిరిగి అదే అంకె అప్పజెప్పేదాకా వదిలేవాళ్లం కాదు. మాట వినబడడం వేరు, మాట తెలియడం వేరు అని అప్పటికే నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఇంట్లో ఏం చేశానో వినండి.

మా ఇల్లు పాల్వంచలో, కిన్నెరసాని వెళ్లే వైపు. 1991లో ఎరియర్సు డబ్బు చేతికొస్తే ఒక ఆంప్లిఫయరు, కేసెట్ డెక్, రెండు చెక్కపెట్టె స్పీకర్లు కొన్నాను. ఒక్కో పెట్టెలో 8 అంగుళాల వూఫరు, పైన చిన్న ట్వీటరు. మా ఆవిడ "ఇంతటి పెట్టెలు ఇంట్లో ఎక్కడ పెడతారండీ" అని నసిగింది గానీ, తర్వాత వాటిని ఎక్కువగా వాడుకున్నది ఆవిడే. పొద్దున భక్తిపాటలు, ఆదివారం పాత కేసెట్లు, శ్రీరామనవమి నాడు భద్రాచలం నుంచి కల్యాణం ప్రత్యక్ష వ్యాఖ్యానం.

ఆ వ్యాఖ్యానం అంటే మన తరానికి ఉషశ్రీ గారే. విజయవాడ ఆకాశవాణిలో ఆయన ఆదివారాలు చెప్పిన రామాయణ భారతాలు విన్నవాళ్లు ఈ హాలులో సగానికి పైగా ఉంటారు. 1990లో ఆయన వెళ్లిపోయారు. మా ఇంట్లో స్టీరియో వచ్చేనాటికి ఆ గొంతు లేదు. ఆ గొంతును మేం విన్నదల్లా పాత చెక్క రేడియోలో, ఒక్క స్పీకరులో, మీడియం వేవు మీద. మీడియం వేవు రేడియోలో 5000 హెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ రాదు, కింద బేసూ అంతంతమాత్రమే. అయినా ఒక్క అక్షరం జారిపోయేది కాదు. ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

2023లో మనవరాలి పెళ్లికి ఇంటికి రంగులు వేయించాం. సామాను అంతా బయట పెట్టి, మళ్లీ లోపల సర్దుకున్నాం. స్టీరియో నేనే బిగించాను. ఆ తర్వాత పాట పెడితే ఏదో తేడాగా ఉంది. మృదంగంలో ఎడమ వైపు మోత పోయింది. పాట చప్పబడింది. అదే రోజుల్లో మా ఆవిడ కూడా "ఏవండీ, ఏం పాడుతున్నారో మాట తెలియడం లేదు, పెట్టె పాడైందేమో చూడండి" అనడం మొదలుపెట్టింది. ఇద్దరం చెప్పింది ఒకే లోపం అనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోనులో చెబితే "నాన్నా, బేస్ పోయిందంటే సబ్‌వూఫర్ పెట్టండి, ఉన్న స్పీకర్లు అలాగే ఉంచుకోవచ్చు" అన్నాడు. ఇక్కడి మిత్రుడొకాయన "ముప్ఫయ్యేళ్ల స్పీకర్లు ఇంకా ఏం వింటారు, రెండూ మార్చేయండి" అన్నాడు. స్పీకర్లు మార్చాలంటే ముప్ఫయి వేలకు తక్కువ కాదు. సబ్‌వూఫర్ 14 వేలకు వచ్చింది. పెన్షనరు లెక్క ఎటు మొగ్గుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

సబ్‌వూఫర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. అది ఒక్క బేస్ మాత్రమే పలికే పెట్టె. సాధారణంగా 100 హెర్ట్జ్ లోపు, మంచి అమరికలో 80 లోపు దాని రాజ్యం. పెద్ద కోను, పెద్ద పెట్టె, చాలావాటిలో సొంత ఆంప్లిఫయరు. ఇంత ఆర్భాటం ఎందుకంటే కింది స్వరాలకు చాలా గాలి కదపాలి. అదే జోరు ఒక స్థాయి కింద, అంటే సగం పౌనఃపున్యం దగ్గర కావాలంటే, కోను నాలుగు రెట్లు ఎక్కువ ముందుకూ వెనక్కూ ఊగాలి. అయిదంగుళాల కోను ఎంత ఊగినా ఆ పని చేయలేదు. మరీ గట్టిగా పెడితే పటపటలాడుతుంది.

మరి మనం వినే పాటల్లో 80 హెర్ట్జ్ కింద ఏముంటుంది? ఇక్కడ నిజాయితీగా లెక్క చూసుకోవాలి. ఘంటసాల గారి కాలపు సినిమా పాటల్లో అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఆనాటి రికార్డింగు పద్ధతికి అంత కిందికి పట్టే శక్తి లేదు, ఉన్నదల్లా ఒక్కోసారి కరెంటు హమ్మింగు. ఆ పాటలకు సబ్‌వూఫర్ పెట్టడమంటే ఆ హమ్మింగును పెంచుకోవడమే. కచేరీలో మగవారి శ్రుతి ఒకటి అయితే తంబూరా మంద్ర షడ్జం ఇంచుమించు 65 హెర్ట్జ్. అది పలికితే నిండుగా ఉంటుంది, నిజమే. ఎనభైలలో వచ్చిన ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటారు విన్నారు గదా, ఆ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్. అక్కడ సబ్‌వూఫరుకు పని ఉంది. ఈనాటి సినిమాల్లోనైతే చెప్పనే అక్కర్లేదు, హీరో నడిచినా మోతే. మన డోలు సంగతి తర్వాత చెబుతాను.

సరే, పెట్టె వచ్చింది. గది మూలన పెట్టాను, మూలలో అయితే అడ్డం రాదని. మొదటి పాటకే అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నాకు మహదానందం. పక్కింటాయన గోడ దగ్గరకొచ్చి "ఏంటి సార్, బోరు వేయిస్తున్నారా?" అన్నాడు.

2024 శ్రీరామనవమి ఏప్రిల్ 17న వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచే సర్దుకుని కూర్చున్నాను. వ్యాఖ్యానం మొదలైంది. వ్యాఖ్యాత గొంతు బానలోంచి వస్తున్నట్టు ఉంది, వెనక మేళం మాత్రం ధనధనమంటోంది. నాకు అది బాగానే ఉందనిపించింది, డబ్బు పెట్టాను గదా. మా ఆవిడ పావుగంట కూర్చుని, ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి చూద్దును గదా, స్టూలుమీద కూర్చుని మనవడి పాత ఫోను చెవికి ఆనించుకుని అదే వ్యాఖ్యానం వింటోంది. నాకు ఒళ్లు మండింది. "నీ కోసమేగా తెచ్చాను!" అన్నాను. "నా కోసం తెచ్చారా? నేను మాట తెలియడం లేదంటే మీరు మోత తెచ్చారు" అంది.

ఆ రోజు పానకం ఇద్దరం విడివిడిగా తాగాం.

ఆ తర్వాత ఒక పదిరోజులు నేను పెట్టె సరిచేసే పనిలో పడ్డాను. మనుషులతో గొడవ వచ్చినప్పుడు యంత్రం దగ్గరకు పోవడం మా శాఖవాళ్లకు అలవాటు. అందులో నేర్చుకున్నది కొంత మీకు ఉపయోగపడుతుంది కనుక చెబుతాను.

మా హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, పైన స్లాబు, కింద గచ్చు. శబ్దం సెకనుకు 345 మీటర్ల చొప్పున పోతుంది. 40 హెర్ట్జ్ అలకు పొడవు ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు. అంటే సరిగ్గా మా గది పొడవుకు రెండింతలు. అలాంటప్పుడు ఆ అల రెండు గోడల మధ్య ఇరుక్కుని ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట మాయమవుతుంది. 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్ దగ్గర ఇదే తంతు. మూలన పెడితే ఈ ఉబ్బు మరీ ఎక్కువ. మా నాన్నగారి పెంకుటింట్లో ఈ బాధ లేదు. పెంకుల సందుల్లోంచి, వాసాల మధ్య నుంచి మోత బయటికి పోయేది. స్లాబు ఇంట్లో పోవడానికి దారి లేదు. పరుపు, తెరలు, చాప, బట్టల బీరువా ఇవన్నీ పై స్వరాల ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ 40 హెర్ట్జ్‌ను కదిలించలేవు.

దీనికి ఒక పద్ధతి ఉంది. సబ్‌వూఫరును తీసుకెళ్లి మీరు కూర్చునే కుర్చీ చోట పెట్టాలి. బేస్ గిటారు నడక ఉన్న పాట ఒకటి పెట్టి, మీరు గోడల వెంబడి మోకాళ్లమీద పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి స్వరం సమంగా వినబడుతుందో అక్కడ పెట్టెను పెట్టి మీరు కుర్చీలోకి వెళ్లిపోవాలి. నేను పాకుతుంటే సెలవులకు వచ్చిన మనవడు "తాతయ్యా, ఏం పోయింది?" అని తనూ పాకాడు. మోకాళ్ల నొప్పులున్నవారు ఈ పని మనవళ్లకు అప్పగించడం మంచిది. మా ఇంట్లో చివరికి తలుపు పక్కన, మూలకు నాలుగడుగుల ఎడంగా చోటు దొరికింది. క్రాసోవర్ నాబ్ 80 దగ్గర పెట్టాను. వాల్యూము పెట్టె ఉందని తెలియనంతగా తగ్గించాను. దాన్ని ఆపినప్పుడు మాత్రమే ఏదో వెలితి తెలియాలి, అదీ కొలత. గ్లాసులు గలగలమన్నాయంటే ఎక్కువైందన్నమాట.

ఇంకో సంగతి. సబ్‌వూఫర్ పెట్టాక అసలు స్పీకర్ల మీద బేస్ బరువు తగ్గి అవి తేలిగ్గా పలుకుతాయని అంటారు. ఆంప్లిఫయరు ఆ బేసును స్పీకర్లకు వెళ్లకుండా ఆపితేనే అది నిజం. మా పాత ఆంప్లిఫయరుకు ఆ ఏర్పాటు లేదు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న దుకాణంలో అడగండి. సరైన జవాబు రాకపోతే లేదని అనుకోవచ్చు.

ఇలా సర్దుతూ సర్దుతూ ఒకనాడు స్పీకర్ల వెనక్కి చూశాను. చూసి అక్కడే కూలబడ్డాను. కుడి స్పీకరుకు ఎర్రతీగ ఎర్రదానికి, నల్లతీగ నల్లదానికి ఉంది. ఎడమ స్పీకరుకు ఎర్రది నల్లదానికి, నల్లది ఎర్రదానికి ఉంది. రంగులు వేయించినప్పుడు బిగించింది ఎవరు? నేనే. ముప్ఫయ్యారేళ్లు తీగలు కలిపినవాడిని.

ఇలా తిరగేస్తే ఏమవుతుందంటే, ఒక కోను గాలిని ముందుకు తోసే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ దగ్గర ఒకదాని పని ఒకటి చెరిపేస్తుంది. గాయకుడి గొంతు ఎదురుగా నడుమ నిలబడకుండా గదంతా చెదిరినట్టు ఉంటుంది. తీగలు మార్చి పెట్టగానే పోయిందనుకున్న మృదంగం మోత వెనక్కి వచ్చింది, సబ్‌వూఫర్ లేకుండానే. నా 14 వేలు మాత్రం రాలేదు.

మీ ఇళ్లలో తీగల రంగులు వెలిసిపోయి ఉంటే ఒక చిట్కా. స్పీకరు తీగలను ఆంప్లిఫయరు నుంచి విప్పి, టార్చిలైటు బ్యాటరీ ఒక్కటి, ఒకటిన్నర వోల్టుది, ఆ తీగ చివరలకు క్షణకాలం తాకించండి. వూఫరు ముందున్న గుడ్డ తీసి ఉంచండి. బ్యాటరీ మొగ్గ వైపు ఎర్రతీగకు తగిలితే కోను ముందుకు దూకాలి. రెండు స్పీకర్లూ ఒకే వైపు దూకాలి. ఖర్చు ఒక బ్యాటరీ.

గుడ్డ తీసినప్పుడే ఇంకోటి కనబడింది. వూఫరు కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు వేలు పెడితే పొడిగా రాలిపోయింది. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు. ఆ కాలపు స్పాంజి అంచు పదిహేను ఇరవయ్యేళ్లకు గాలికీ తేమకూ కృశించిపోతుంది, మన గోదావరి గాలికి ఇంకా ముందే. రబ్బరు అంచుదైతే ఎక్కువకాలం ఉంటుంది. ఖమ్మంలో కోన్లు కట్టే మిస్త్రీ దగ్గరికి తీసుకెళితే రెండింటికీ కొత్త అంచులు అతికి ఇచ్చాడు. కొత్త స్పీకర్ల ధరలో అది పదో వంతు కూడా కాలేదు. కనుక "స్పీకర్లు మార్చేద్దామా" అనేవారికి నేను చెప్పేది, ముందు గుడ్డ తీసి వేలితో తాకి చూడమని.

ఇంతవరకు చెప్పింది పెట్టెల కథ. తీగలు సరిచేశాను, అంచులు వేయించాను, సబ్‌వూఫర్ అదుపులో పెట్టాను. మా ఆవిడను పిలిచి కూర్చోబెట్టి కీర్తన పెట్టాను. ఆవిడ తల ఊపింది. "బాగుందా?" అన్నాను. "బాగుంది" అంది. ఆ "బాగుంది" ఎలాంటిదో యాభై ఏళ్లు కాపురం చేసినవాడికి తెలుస్తుంది. మాట ఇంకా తెలియలేదు.

మర్నాడు పెరట్లో బట్టలు ఆరేసే తాడు తెగింది. నేను నిచ్చెన మీద నుంచి లోపలికి కేకేశాను. "తాడు, తాడు!" అన్నాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి చెంగు భుజాన కప్పుకుని, "ఈ వయసులో నన్ను ఏం పాడమంటారు?" అంది.

నవ్వకండి. అంటే, నవ్వండి, మేమూ నవ్వుకున్నాం. కానీ నవ్వు అయ్యాక నిచ్చెన మీదే నిలబడిపోయాను. "తా" పోయి "పా" వచ్చింది. అచ్చు వినబడింది, హల్లు వినబడలేదు. ఇది నాకు తెలిసిన లోపమే. స్తంభాలెక్కి ముప్ఫయ్యారేళ్లు విన్న లోపమే. పై స్వరాలు రాని లైనులో మాట ఇలాగే చెడుతుంది. అంతకుముందు ఏడాది రెండేళ్లుగా నేను చెప్పింది ఒకటైతే ఆవిడ చేసింది ఇంకొకటి. "పరధ్యానం ఎక్కువైంది నీకు" అని విసుక్కునేవాణ్ణి. పిలిస్తే పలకదని, కావాలనే పలకదని, మనసులో పెట్టుకునేవాణ్ణి. ఆవిడ కూడా నేను ఈ మధ్య నోట్లో నోట్లో గొణుగుతున్నానని అనుకుందట. ఇద్దరం ఒకరినొకరం తప్పుపట్టుకున్నాం. లైను లోపం ఎక్కడుందో ఎవరం చూడలేదు.

ఖమ్మంలో చెవి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ రానంటే రానంది. "చెవిటిదాన్నని ముద్ర వేయిస్తారా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ చూపించుకుంటానంటేనే బయలుదేరింది. గాజు గది లాంటి దాంట్లో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, ఒక్కో స్వరం వినిపించి, వినబడగానే మీట నొక్కమన్నారు. ఆ గీతను ఆడియోగ్రాము అంటారు. 25 డెసిబెళ్ల లోపు మామూలు చెవి. మా ఆవిడకు 250, 500 హెర్ట్జ్ దగ్గర ఇంచుమించు మామూలే. 2000 దగ్గర గీత కిందికి జారింది. 4000 దగ్గర 60 డెసిబెళ్లు. నాకు 4000 దగ్గర 45. "మీరూ తక్కువేం కాదు" అని డాక్టరుగారు నవ్వారు.

వయసుతో వచ్చే వినికిడి లోపం ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది. పైస్వరాలు ముందు పోతాయి, కింది స్వరాలు చాలాకాలం నిలబడతాయి. మన తెలుగులో అచ్చుల బలం కింద ఉంటుంది. త, ప, క, స వంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసే ఆనవాళ్లు చాలావరకు 2000 ప్రాంతం నుంచి పైన ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు "వినబడుతోంది గానీ తెలియడం లేదు" అంటారు. అది చాదస్తం కాదు, అక్షరాలా అదే జరుగుతోంది.

ఇక్కడ నేను చేసిన తప్పుకు పూర్తి రూపం తెలిసింది. డాక్టరుగారిని అడిగితే చెప్పారు, బలమైన కింది స్వరాలు తమకంటే పైనున్న బలహీనమైన స్వరాలను కప్పేస్తాయట. పైస్వరాలు కింది వాటిని అంతగా కప్పలేవు. అంటే మా ఆవిడకు మిగిలివున్న కాస్త హల్లు తేటను కూడా నేను 14 వేలు పెట్టి కప్పేశాను. ఆ రోజు ఆవిడ వంటింట్లోకి వెళ్లి ఫోను చెవికి ఆనించుకోవడం అలక కాదు, సరైన పని. చిన్న ఫోను, బేస్ లేదు, మాట తేటగా చెవి పక్కన ఉంది. ఉషశ్రీ గారి గొంతు చెక్క రేడియోలో ఎలా తెలిసిందో అలాగే.

ఆవిడకు రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టించాం. డిజిటల్‌వి, ఆడియోగ్రాము గీతను బట్టి ఎక్కడ ఎంత తగ్గిందో అక్కడ అంత పెంచుతాయి. దానికైన ఖర్చుతో రెండు జతల స్పీకర్లు వచ్చేవి. అబ్బాయి సగం పెట్టుకున్నాడు. మొదటి మూడు వారాలు నరకం అనే చెప్పాలి. గిన్నెల చప్పుడు, కాగితం మడత, ఫ్యాను, అన్నీ ఒక్కసారి మీద పడేసరికి తీసి డబ్బాలో పెట్టేసేది. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పోవాలి, వదిలేయకూడదు. ఈ సంగతి కొనేటప్పుడు గట్టిగా చెప్పించుకోండి. చాలా ఇళ్లలో ఆ యంత్రాలు బీరువాల్లో పడివున్నాయని నాకు తెలుసు, ఈ హాలులో కూర్చున్నవారి ఇళ్లలోనూ.

స్పీకర్లను నేలమీది నుంచి లేపి, కూర్చుంటే చెవి ఎత్తుకు వచ్చేలా బల్లలు చేయించాను. ట్వీటరు శబ్దం సూటిగా వస్తుంది, మంచం కోడుకేసి పాడితే ఎవరికి వినబడుతుంది? కుర్చీ కూడా అయిదడుగులు దగ్గరికి జరిపాం. దీనికి పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం కొత్త స్పీకర్లు కొన్నంత.

సబ్‌వూఫర్ ఏం చేశారని అడుగుతారు. ఉంది. వార్తలకు, హరికథకు, వ్యాఖ్యానానికి ఆపేస్తాం. దానికి పని ఎప్పుడు దొరికిందో చెబుతాను. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారి పేరు మీరందరూ వినే ఉంటారు. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు పాడిన పెద్దమనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన పోయినప్పుడు మనవడు ఫోనులో ఆయన డోలు వీడియో ఒకటి చూపించాడు. ఫోనులో అది డబ్బా మోతలా ఉంది. "ఇది కాదురా డోలు" అని స్టీరియోకు కలిపి, సబ్‌వూఫర్ వేయించాను.

మా ఆవిడ పుట్టిల్లు ములకలపల్లి వైపు, అడవి అంచు పల్లె. చిన్నప్పుడు పండగ రాత్రుల్లో అవతలి కోయగూడెం నుంచి డోలు వినబడేదట. పాట వినబడేది కాదట, డోలు మాత్రం వచ్చేదట. అదీ లెక్క ప్రకారమే, పైస్వరాలను గాలీ ఆకులూ తాగేస్తాయి, కింది స్వరాలు మైళ్లు పోతాయి. ఆ వేళ ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, యంత్రాలు పెట్టుకోకుండానే, కుర్చీ చేతిమీద అరచెయ్యి ఆనించి వీడియో అయిపోయేదాకా కూర్చుంది. "ఇంకోసారి పెట్టు నాన్నా" అని మనవడిని అడిగింది. నా వైపు చూసి, "ఇది ఉండనివ్వండి" అంది. అమ్మేద్దామని బేరం కూడా పెట్టివున్నాను, మానుకున్నాను.

కనుక మిత్రులారా, నన్ను అడిగేవారికి నా జవాబు ఇంతే. మాట తెలియకపోతే సబ్‌వూఫర్ దగ్గరకు వెళ్లకండి. ముందు తీగలు, తర్వాత కోను అంచు, ఆ తర్వాత చెవులు చూపించుకోండి. అవన్నీ బాగుండి మాట ఇంకా బానలోంచి వస్తున్నట్టుంటే స్పీకర్లు మార్చండి. మాట తేటగా ఉండి డోలు, తంబూరా మాత్రం పలకకపోతే అప్పుడు సబ్‌వూఫర్ కొనండి, చిన్న స్పీకర్లున్న ఇళ్లలో అదే మంచి బేరం కూడా. అంకెలు తప్పు చెప్పివుంటే ఈ హాలులో ఉన్న ఇంజనీర్లు మన్నించి సరిదిద్దండి.

2025 శ్రీరామనవమి ఏప్రిల్ 6న. ఆ రోజు సబ్‌వూఫర్ మీట నేనే ఆపాను. వ్యాఖ్యానం నడుస్తుండగా ఒకచోట నాకే ఒక మాట జారిపోయింది. "ఏమన్నాడు?" అని అడిగాను. ఆవిడ చెప్పింది. నా 45 డెసిబెళ్ల సంగతి ఇంకా తేలాల్సి ఉంది. వచ్చే నెల ఖమ్మం వెళుతున్నాం, ఈసారి ఆవిడే తీసుకెళుతోంది.

మీలో ఎవరికైనా తీగల అనుమానం ఉంటే సభ అయ్యాక చెప్పండి. ఒక బ్యాటరీ మీరు తెచ్చిపెట్టండి, నేను ఇంటికొచ్చి చూస్తాను. నిచ్చెన మాత్రం ఎక్కలేను.